సినేవా నేసిన చాప

మా సవాయీ దీవిలో చాపల పాక ఉంది. అందులో పన్నెండుమంది ఆడవాళ్ళం కూర్చునేవాళ్ళం. పదమూడో మనిషి సినేవా. మగపిల్లాడిగా పుట్టి, ఏడేళ్ళకే వాళ్ళమ్మ పక్కన చేరి మొగలాకు పీలికలు అల్లడం మొదలుపెట్టింది. అలాంటివాళ్ళని మా సమోవాలో ఫఅఫఫీనే అంటాం, ఆడవాళ్ళ తీరున బతికేవాళ్ళని అర్థం. ఆ మాటలో మాకు తిట్టూ లేదు, పొగడ్తా లేదు. ఒకసారి ఊరు చూడ్డానికొచ్చిన తెల్లాయన "ఆడా, మగా?" అని అడిగితే వాళ్ళమ్మ, "ముందు దాని అల్లిక చూడవయ్యా, తర్వాత అడుగుదువుగాని" అంది.

ఆ తల్లి పోయాక సినేవా ఒక సన్నచాప మొదలుపెట్టింది. పట్టుబట్టలా మెత్తగా రావాలని పట్టుదల. ఆరేళ్ళు పట్టింది. నడుం పోయింది, చూపు మందగించింది. చాప పూర్తయిన నాడు నేసినామె దాన్ని పట్టుకుని ఊరందరి ముందూ నడవడం మా ఆచారం. "ఆ రోజు నిన్ను నేనే చెయ్యి పట్టుకుని నడిపిస్తానే" అని వాళ్ళక్క ఫువాతినో ఏటా చెబుతూ వచ్చింది.

తీరా ఆ రోజు కొత్త పాస్టరమ్మ, "నేసేది ఎవరైనా కానీ, నడిచేది మాత్రం ఆడవాళ్ళే" అంది. ఫువాతినో ఎదురు చెప్పలేదు సరికదా, చాప తీసి తన భుజాన వేసుకుంది.

"అక్కా, అది నాది."

"నీదే, ఎవరు కాదన్నారు? నీది ఆడవాళ్ళ తీరేగాని నువ్వు ఆడదానివి కాదుగా. చుట్టాల ముందు రభస చెయ్యకు."

"ఆరేళ్ళూ గుర్తురాలేదా ఆ సంగతి?"

పాస్టరమ్మ నా వైపు తిరిగింది. "పెద్దదానివి, నువ్వు చెప్పు. నేనన్నదాంట్లో తప్పుందా?"

మా అమ్మాయి పెళ్ళి ఆవిడ భర్త పాస్టరుగారే జరిపించాలి. "తప్పేముందమ్మా" అన్నాను. నా నోరు పడిపోను. సినేవా అప్పుడు అక్కని చూడలేదు, నన్ను చూసింది.

ఫువాతినో నడిచింది. జనం మెచ్చుకుంటూ కేకలు పెట్టారు. ఎవరు నేశారని అడిగితే "మా ఇంటి ఆడవాళ్ళం" అంది, సిగ్గులేకుండా.

మర్నాడు పాకలో సినేవా చోటు ఖాళీ. మాలో రాళ్ళపొయ్యి మీద వంట మగవాళ్ళ పని. వెతుక్కుంటూ వెళితే ఆ మగవాళ్ళ వంటపాకలో జుట్టు కత్తిరించేసుకుని, పొయ్యిలో కాలిన రాళ్ళు సర్దుతూ కనిపించింది. పీలికలు చీల్చే ఆ గోళ్ళనిండా మసి.

"లేవే తల్లీ, పాకకి పోదాం" అన్నాను.

"అక్కడ ఆడవాళ్ళు కూర్చుంటారు అత్తా" అంది తలెత్తకుండా. "నిన్న నువ్వే చెప్పావుగా."