ఆళ్లగడ్డ నుంచి తెచ్చిన రాయి

మా ఊళ్లో ఒకప్పుడు కోట ఉండేదని మా తాత చెప్పేవాడు. నంద్యాల బడిలో సోషల్ పాఠాలు చెప్పినన్నాళ్లూ ఆ మాట ప్రతి తరగతికీ చెప్పాను. రిటైరై ఆళ్లగడ్డ దగ్గరి మా ఊరికి వచ్చాక తెలిసింది, ఇక్కడ కోట లేదు సరికదా, ఉండేదని నమ్మేవాడూ లేడని. టీ అంగడి ముందరి రాతిబండ మీద కూర్చున్నవాళ్లు రోజూ అడిగేవాళ్లు.

"సారూ, మీ తాత కోట యాడుంది?"

ఒకరోజు నాకు తిక్క రేగింది. "ఉగాది లోపల ఆనవాలు చూపిస్తా. లేకుంటే ఈ జన్మలో కోట మాటెత్తను" అనేశాను. ఇంటికొచ్చాక భయం వేసింది. ఏమీ దొరక్కపోతే తాత అబద్ధాలకోరని నా చేతులతో నేనే తేల్చినట్టవుతుంది.

రెండు నెలలు చేలగట్లన్నీ తిరిగాను. ముళ్లకంపలు మూడు పంచెలు మింగాయి. చివరికి ఊరి బయట ఒక కంపలో, అంచున తామరరేకులు చెక్కిన రాయి దొరికింది. మళ్లీ నవ్వుతారని ఎవరికీ చెప్పకుండా గోనెసంచిలో చుట్టి, ఆటోలో ఆళ్లగడ్డకు, విగ్రహాలు చెక్కే ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన రేకుల మీద వేళ్లు పోనిచ్చాడు. "రాయిని చేత్తో చూడాల సారూ. ఇది శానా పాతది. కోటల్లో గోడ అడుగున వరసగా పెడతాండ్రి" అన్నాడు. నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఆయన ముచ్చటపడి, మట్టీ మరకలూ పోయేదాకా రాయిని రుద్ది కడిగి ఇచ్చాడు.

ఆటో నేరుగా టీ అంగడి ముందర ఆపించి సంచి విప్పాను. రాయి తళతళలాడింది.

"యాడ నుంచి తెస్తాండావు సారూ?"

"ఆళ్లగడ్డ నుంచి" అన్నాను సంబరంగా.

"బాగ చెక్కినారు. ఎన్ని దినాలు పట్టింది?"

ఎంత మొత్తుకున్నా ఒక్కడూ వినలేదు. వీధి వీధంతా రాళ్లు చెక్కే ఊరి నుంచి తెచ్చి, పాతదంటే ఎవరు నమ్ముతారు? ఉగాది వచ్చి వెళ్లింది. రాయి మా ఇంట్లో బట్టలుతికే చోటికి చేరింది. నేను కోట మాటెత్తడం మానేశాను.

మొన్న టీ తాగుతూ అదే బండ మీద కూర్చున్నాను. చేతి మీద ఒలికిన టీ తుడుచుకుందామని బండ కింది అంచుకు చెయ్యి రుద్దాను. వేళ్లకు రేకులు తగిలాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా, వరసగా.

"ఏం సారూ, కోట సంగతే మర్చిపోతివే? యాడుందో సెప్పవా?" అన్నాడు పక్కనున్నాయన, బండ మీద ఇంకాస్త హాయిగా సర్దుకుంటూ.

తాత నిజమే చెప్పాడు. నేను మాటిచ్చి ఉన్నాను. చెయ్యి రేకుల మీదే ఉంచి, ఇంకో టీ చెప్పాను.