దీవెన పాదాల కోసం తిరిగిన రాహేలమ్మ టీచరు

రాహేలమ్మ టీచరు ఇక లేరన్న వార్త మొన్న సోమవారం ఉదయం తరగతి గది గుమ్మంలోనే నన్ను నిశ్చేష్టుణ్ణి చేసింది. ముందురోజు ఫోనులో కంఠం ఖంగుమన్న మనిషి, తెల్లవారుజామున ప్రార్థన ముగించి కుర్చీలోంచి లేవబోతూ ఒరిగిపోయారట. దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇది ఆమె పోవలసిన సమయం కాదు.

పర్చూరు దగ్గర మా పల్లె పాఠశాలలో ఆమె ముప్పయ్యేళ్ళకు పైగా అక్షరాలు దిద్దించారు. చివరి పదేళ్ళు పక్క గదిలో నేను పాఠం చెప్పాను. మాట కటువు, మనసు వెన్న అని పోయినవారందరి గురించీ రాసే వాక్యం ఆమెకు రాయలేను. ఆ కటుత్వం లోపలిదాకా ఉండేది. అయితే దాన్ని బలవంతుల మీదే ప్రయోగించేవారు.

పదవీ విరమణ చేశాక కూడా ఒకటో తరగతికి వచ్చి కూర్చునేవారు. నిరుడు అక్కడే దీవెనను చూశారు. మిరపకోత కూలి నాగమణి కూతురు. పుట్టుకతోనే రెండు పాదాలూ లోపలికి తిరిగి, వాటి అంచుల మీద నడిచే ఆరేళ్ళ పిల్ల. శస్త్రచికిత్సతో సరవుతాయని, ఒక్కొక్క కాలికీ విడిగా చేయాలని గుంటూరు డాక్టరు చెప్పారు. ప్రభుత్వ పథకంలో చేయిద్దామంటే, వలస వెళ్ళినచోట పుట్టిన బిడ్డ పేరు తల్లి రేషను కార్డులో ఎక్కలేదు. పిల్లను తెచ్చి చూపించమన్నాడు ఒక గుమాస్తా. తీసుకెళ్తే, పిల్ల ఉన్నట్టు కాగితం కావాలన్నాడు. టీచరు గారు దీవెనను అతని బల్ల మీద కూర్చోబెట్టి, “కాగితం కోసం నేను పోతన్నా. ఈలోపు పిల్ల ఉందో లేదో నువ్వు చూస్తా ఉండు నాయనా” అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ రాలేదు.

తర్వాత ఒక దాతృత్వ సంస్థ ముందుకొచ్చింది. ఖర్చంతా భరిస్తారు. కాకపోతే వార్షికోత్సవ వేదిక మీద దాతల ఎదుట పిల్ల ఆ వంకర కాళ్ళతో నాలుగడుగులు నడవాలి. నేను ఒప్పుకోమన్నాను.

“ఒక్క పూటే కదక్కా” అన్నాను టీచరు గారితో.

“ఆ పూట అది మర్చిపోదురా. కాళ్ళు బాగయ్యాక కూడా మనసులో ఆ నడకే నడుస్తుంది” అన్నారు.

నీ బిడ్డ, నీ ఇష్టమని నాగమణికే వదిలేశారు. నాగమణి తల అడ్డంగా ఊపింది. ఆ కోపంతో నెల రోజులు నేను అక్కతో మాట్లాడలేదు. నాది తప్పని ఈనాటికీ పూర్తిగా అనుకోలేకపోతున్నాను. అదే నన్ను వేధిస్తోంది.

ఆ నెలలో ఆమె గుంటూరు మిరప యార్డులో ఘాటుకు దగ్గుతూ, చీరాల మగ్గాల ఇళ్ళ వెంట నడుస్తూ, తన పాత విద్యార్థుల్ని ఒక్కొక్కరినే వెతికి పట్టుకున్నారు. ఆమె అడగడం యాచనలా ఉండేది కాదు. ఒక వ్యాపారి నాతో అన్నాడు: “‘ఏరా, బాగున్నావా’ అన్నారండి. ఏం కావాలో చెప్పకముందే లేచి నిలబడ్డా.”

అలా పోగైన డబ్బుతో కుడి కాలికి ఆపరేషను జరిగింది. సిమెంటు కట్టు తీసిన రోజు దీవెన అరికాలంతా మొదటిసారి గచ్చుకు ఆనించి, చల్లగా ఉందని చెప్పింది. 

సమాధి దగ్గర ఎందరో మాట్లాడారు. త్యాగమూర్తి అన్నారు, కరుణామయి అన్నారు. ఎడమ కాలి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నిన్న ఒక్కణ్ణే యార్డుకు వెళ్ళాను. మూడు కొట్ల ముందు నిలబడి, క్షేమసమాచారాలు అడిగి, టీ తాగి వచ్చేశాను. అడగడానికి నోరు రాలేదు. అక్కా, మీకు అంజలి ఘటించడం తేలికే. మీలాగా తల వంచకుండా అడగడం ఎవరి దగ్గర నేర్చుకోవాలి? రేపు మళ్ళీ వెళ్తున్నాను.