పొగ ఓడ మీద పాఠం

బిట్రగుంటలో మా బడి గంట ఒక రైలు పట్టా ముక్క. ఇవాళ గంట కొట్టినప్పుడు పక్కనే ఉండి, ఊరికే దానిమీద చెయ్యి ఆనించాను. ఇనుము ఇంకా వణుకుతోంది. ఆ వణుకు వేళ్ళలోకి ఎక్కగానే ఏసురత్నం అన్న గుర్తొచ్చి, పిల్లలు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా నవ్వేశాను.

నా మొదటి ఉద్యోగం మైపాడు దగ్గర ఒక పల్లెలో, లెక్కల టీచరుగా. బుచ్చిరెడ్డిపాలెం వరిపొలాల మధ్య పెరిగిన నాకు సముద్రమంటే హడల్. ఏసురత్నం అన్న నేను అద్దెకున్న ఇంటి యజమాని, గాలంతో చేపలు పట్టే మనిషి. రేఖాగణితం చెప్తుంటే పిల్లలు కునుకు తీస్తున్నారని ఒకరోజు ఆయన దగ్గర వాపోయాను. "రేపు పొద్దున పడవెక్కు టీచరమ్మా, గీతలంటే నేను చూపిస్తా" అన్నాడు.

దొరల కాలంలో తుఫానుకు మునిగిన పొగ ఓడ ఒకటి అక్కడ సముద్రం అడుగున ఉంది. దాని చుట్టూ చేపలు కాపురముంటాయి. నీటి మీద మాత్రం ఏ ఆనవాలూ లేదు. "చర్చి సిలువ, ఐసు ఫ్యాక్టరీ ట్యాంకు ఒకదాని ఎనక ఒకటి రావాల. అదొక గీత. ఉత్తరాన సరుగుడు తోపు కొస, లైట్‌హౌసు అట్టానే వస్తే ఇంకో గీత. రెండూ కలిసేకాడే ఓడ" అంటూ పడవ ఆపి, సీసం గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి నా చేతికిచ్చాడు. అడుగున ఇనుముకు తగిలిన అదురు నా వేళ్ళదాకా వచ్చింది. నేను భయం మరిచి కేక పెట్టాను. "ఈడ వల ఎయ్యగూడదు, ఇనుము చీల్చేస్తది. గాలమే. ఈ గురుతు మా తాత మా నాయనకు, నాయన నాకు చెప్పినాడు. నీకు పడవ లేదు గదా, చెప్తే ఏం పోయిందిలే" అని నవ్వాడు.

మర్నాడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. చర్చి, ట్యాంకు, తోపు, లైట్‌హౌసు అన్నీ పేర్లతో సహా బోర్డు మీద గీసి, రెండు గీతలు కలిపాను. క్లాసులో ఒక్కరూ కునకలేదు. ఎందుకు కునుకుతారు, అందరూ పడవలవాళ్ళ పిల్లలే! తెల్లారేసరికి పొగ ఓడ మీద ఏడు పడవలు. మూడు తరాలు దాచుకున్న కూడును నేను సుద్దముక్కతో ఊరంతా పంచేశాను.

ఏడుపు మొహంతో ఆయన గడప దగ్గర నిలబడ్డాను. తడి బట్టలతో అప్పుడే వచ్చాడు. ఆ ఏడు పడవలవాళ్ళ వలలు ఓడ ఇనుముకు చిక్కుకుంటే విడిపించి వస్తున్నాడట.

"తప్పయిపోయింది అన్నా."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెప్తే చెప్పినావు, ఆడ వల ఎయ్యగూడదని చెప్పలేదే! సగం పాఠం చెప్తే ఎట్టా టీచరమ్మా?"

ఆ మధ్యాహ్నం ఆయనే క్లాసుకొచ్చి మిగతా సగం చెప్పాడు. ఆ తర్వాత ఏడు పడవలూ గాలాలతో ఆయన పక్కనే నిలిచేవి. "ఇన్నేళ్ళూ ఒక్కణ్ణే పోయేవాణ్ణి. ఇప్పుడు ఆడ కబుర్లకు మనుషులుండారు" అనేవాడు. నన్ను ఊరడించడానికే అన్నాడేమోనని మొదట్లో అనుమానపడ్డాను. కానీ పొద్దున్నే గట్టుమీద నిలబడితే, నీళ్ళమీద నుంచి అందరి నవ్వులకన్నా ఆయన నవ్వే గట్టిగా వినిపించేది.

ఆయన పోయి నాలుగేళ్ళు. ఇక్కడి పిల్లలకూ ఆ బొమ్మే గీస్తాను. గీతలు కలిపాక సుద్దముక్క కింద పెట్టను. "వల వెయ్యొచ్చా?" అని అడుగుతాను. పడవెక్కి ఎరగని పిల్లలు కిటికీలు అదిరేలా అరుస్తారు: "గాలమే టీచర్!"