తెల్లపావురం, నీలం చుక్క

మా నాన్నకు ఇంట్లో అందరికంటే ఆ తెల్లపావురమే ఎక్కువ. ఇది నేను కుళ్ళుకుని చెబుతున్న మాట కాదు, మా అమ్మ రోజూ పొయ్యి దగ్గర నిలబడి అనే మాట. మునిసిపాలిటీ పంపుహౌసులో పనిచేసి రిటైరైన దగ్గర్నుంచి ఆయన కాపురమంతా భవానీపూర్‌లోని మా అద్దింటి మేడ మీదే. అక్కడ చెక్కగూళ్ళలో చాలా పావురాలున్నాయి. మెడ మీద ఊదారంగు మచ్చ ఉన్న ఆ తెల్లది మాత్రం గూట్లో తినదు, నాన్న భుజమెక్కి తింటుంది.

అది ఎగరడానికి వెళ్ళి పొద్దుపోయినా రాకపోతే నాన్న అన్నం ముట్టడు. ఆ గోల పడలేక నేనే పావురాల కాలికి తొడిగే చిన్న ట్రాకర్ ఒకటి తెప్పించాను. పావురం ఎక్కడుంటే నా ఫోన్‌లో అక్కడ నీలం చుక్క కనిపిస్తుంది.

"కాలికి కడియమేటే? దానికి పెళ్ళి సేత్తావేటి?" అని నాన్న వెక్కిరించాడు. అయినా మాటిమాటికీ "సుక్క ఎక్కడుందో సూడు" అంటూ నా ప్రాణం తోడేసేవాడు.

ఒకరోజు ఆ చుక్క మెట్రో స్టేషను అవతలి సందులో ఓ మేడ మీద ఆగింది. ఇంక కదిలితే ఒట్టు. ఆ మేడ ఎవరిదో మాకు తెలుసు. పావురాల విషయంలో నాన్నకు పాత పోటీదారు, ఓ బెంగాలీ పెద్దాయన. నాన్న ఆయన్ని వాళ్ళ భాషలో దాదా, అంటే అన్నా, అని పిలుస్తాడు. మా తెల్లది ఆయన గుంపుతో కలిసిపోయి అక్కడ దిగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పులేసుకుని, "పద నాన్నా, అడ్రసుతో సహా దొంగ దొరికాడు!" అన్నాను.

నాన్న లేవలేదు. "దొంగేటి? ఆ దాదా ఎత్తుకెల్లాడా? అదే దిగింది. పావురాలోల్లలో దిగిన మేడే దాని ఇల్లు. ఎల్లి అడిగితే నా మొకం సెల్లదు."

వీళ్ళ కట్టుబాటు అదట. అలా దిగిన పావురం రెక్కల ఈకలు దారంతో కట్టి, మేత పెట్టి మచ్చిక చేసుకుంటారు. తర్వాత దారం విప్పి వదిలేస్తారు. ఉండిపోతే వాళ్ళది, తిరిగొస్తే మనది.

"ఇదెక్కడి న్యాయం?" అని ఎగిరాను.

"ఆల పావురాలు రెండు మన గూట్లో తింటన్నాయి. ఆయనెప్పుడైనా వొచ్చి అడిగాడేటి?"

వేసుకున్న చెప్పులు విప్పేశాను.

ఎక్కడుందో తెలిసీ ఏమీ చేయలేకపోవడమంత నరకం ఇంకోటి లేదు. ఫోనంటే పడని మనిషి నా ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయేవాడు. నాకు ఏడుపొచ్చేది. పైగా చేపల బజార్లో ఆ పెద్దాయన రోజూ ఎదురయ్యేవాడు. నాన్నా ఆయనా వాన గురించీ ఫుట్‌బాల్ గురించీ నవ్వుతూ మాట్లాడుకునేవారు. పావురం మాట మాత్రం ఒక్కరూ ఎత్తేవారు కాదు. పక్కన సంచి పట్టుకుని నేను పళ్ళు నూరుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున మేడ మీద బట్టలారేస్తూ ఫోన్ చూశాను. చుక్క అక్కడే ఉంది. నా వెనక నాన్న గింజలు చల్లుతున్నాడు.

"ఇంక ఆశ వదిలెయ్ నాన్నా. అది అక్కడ అలవాటు పడిపోయింది," అన్నాను. గింజలు చల్లే చప్పుడు ఆగిపోయింది. బాధపడ్డాడేమోనని తిరిగి చూస్తే, మనిషి బిగుసుకుపోయి నిలబడ్డాడు. భుజం మీద తెల్లది! ఆయన చెవి పొడుస్తోంది. దాని కాలికి కడియం లేదు, దారం విప్పినప్పుడు అదీ తీసేసినట్టున్నారు.

"ఏటమ్మా, సుక్కెక్కడుంది?" అన్నాడు కదలకుండా.

"అక్కడే నాన్నా."

"అలగా? మరైతే ఇదెవులే?"

నవ్వుతూనే ఏడ్చేశాడు. నేను తడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కిందకి కేకేశాను, "అమ్మా, నాన్నకి అన్నం పెట్టు!"

ట్రాకర్ మాత్రం ఇంకా ఆ మేడ మీదే ఉంది. వెళ్ళి తెచ్చుకుంటానంటే నాన్న ససేమిరా ఒప్పుకోవడం లేదు.

"దిగిన మేడే దాని ఇల్లు," అంటాడు.