జర్మనీ కారులో వరినారు

డిగ్రీ చేతికొచ్చిన ఆ రోజుల్లో లోకమంతా మనకోసమే ఎదురుచూస్తోందన్న ధీమా ఒకటి ఉండేది. లోకం ఎందుకో తొందరపడలేదు. ఆ ఖాళీలో నెల్లూరులోని ఒక పాత కార్ల షెడ్డులో అమ్మకాల ఉద్యోగానికి చేరాను (సంబంధాల వాళ్ళకు మా అమ్మ ‘ఆటోమొబైల్ రంగం’ అని చెప్పేది). షెడ్డు యజమానిని అందరం పెద్దన్న అనేవాళ్ళం. ఒకసారి మా దగ్గరికి జర్మనీ స్పోర్ట్స్ కారు అమ్మకానికి వచ్చింది. ఎర్రటిది, రెండే తలుపులు, నేలకు జానెడెత్తు. దాని పాత యజమాని, ఒక డాక్టరుగారు, నడిపినదానికన్నా తుడిచిందే ఎక్కువ. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. “దీని మీద గీత పడిందా, రేపట్నించి నువ్వు రాబాకబ్బయా,” అన్నాడు పెద్దన్న, ప్రేమగానే.

బోగోలు దగ్గర రొయ్యల గుంటలున్న ఒకాయన చూస్తానంటే బండి తీసుకెళ్ళాను. ఆయన లోపల కూర్చుని, కాళ్ళు చాపి, “ఇది కూర్చునే బండి కాదు నాయనా, పడుకునే బండి,” అని తేల్చేశాడు. దిగడానికి ఇద్దరు సాయం పట్టాల్సివచ్చింది. బేరం అంతటితో సరి. తిరుగుదారిలో రోడ్డు సగం మేర వడ్లు పోసి ఉన్నాయి. కోతల కాలంలో మా వైపు తారురోడ్డే కళ్ళం. బళ్ళన్నీ మర్యాదగా తప్పుకుని పోతాయి. ఆ పూట వడ్లు ఇంకా ఎండకు పలచగా నెరపలేదు, పొడవాటి కుప్పగా ఉన్నాయి. ఎదురుగా బస్సొచ్చింది. దానికి దారిచ్చి నేను వడ్లమీదికి ఎక్కాను. వేరే కారైతే చక్రాలే తొక్కేవి. ఇది పొట్టతో పాకి, కుప్పను ఆ కొస నుంచి ఈ కొసకు చక్కగా నెరిపేసింది. కాపలా ఉన్న అవ్వ పరుగున వచ్చింది. తిట్లకు సిద్ధపడి అద్దం దించాను. అవ్వ రోడ్డును ఒకసారి పరకాయించి, “నా నడుము పడిపోతా ఉండాది నాయనా, అద్దో, ఆ కుప్ప మీద కూడా ఒక తూరి తోలిపో,” అంది. తోలాను (పెద్దల మాట కాదనలేను).

గీత పడలేదు. కానీ ముందు జాలీ నిండా దుమ్మూ వడ్లూ కూరుకుపోయాయి. పుల్లతో అందినంత తీశాను. పెద్దన్నకు చెప్పలేదు. మిగిలినవి కొట్టుకుపోతాయని మర్నాటి నుంచి రోజూ రెండుపూటలా జాలీలోకి పైపు పెట్టేవాణ్ణి. “ఏందబ్బయా ఈ భక్తి!” అని పెద్దన్న మురిసిపోయేవాడు.

పదిరోజులకు కోవూరు నుంచి ఒక పెద్దరైతు వచ్చాడు. “రోడ్డు దిగని బండన్నా ఇది. మేం ఎంత బాగా చూసుకున్నామో...” అంటూ కారు ముందుకు వచ్చిన పెద్దన్న అక్కడే ఆగిపోయాడు. జాలీలోంచి బెత్తెడు వరినారు, పచ్చగా, గాలికి తలలూపుతోంది.

“ఇదేందిరా?”

ఉద్యోగం ఎలాగూ పోయిందని బస్సు, అవ్వ, రెండో కుప్ప, అన్నీ చెప్పేశాను. పెద్దన్న మొహం కారు రంగులోకి వచ్చింది. రైతు గొంతుక్కూర్చుని ఒక మొక్క పీకి వేరు చూశాడు.

“నీళ్ళు ఎన్ని తూర్లు పెట్టినావు?”

“రోజూ రెండుసార్లండీ.”

“ఒక్క పూటన్నా తప్పిందా?”

“లేదండీ.”

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. “బాగా చూసుకున్నామని అందరూ చెప్తారు పెద్దన్నా. మొలిపించి చూపించింది మీరొక్కరే. బండి నేను తీసుకుంటా. ఈ పిల్లోణ్ణి మాత్రం పనిలోంచి పంపించబాక.”

నారుతో సహా కారు పెన్న దాటి వెళ్ళింది. నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు నాకూ ఒక కారుంది. దాన్ని కడిగే పని వానకు వదిలేశాను. మొన్న ఎందుకో వంగి దాని జాలీలోకి చూశాను. రెండు ఎండిన తూనీగలు తప్ప ఏమీ లేవు. భయంతోనైతేనేం, ఒక్క పూట తప్పకుండా నీళ్ళుపట్టిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. లోపలికెళ్ళి బకెట్ తెచ్చాను.