తల్లిపాలు, చంటివాని కడుపు, మా ఇంటి మౌనం

ఇది మగవాడు వ్రాయవలసిన విషయం కాదని నా ఈడువారు కొందరు అనవచ్చు. కాని మాట్లాడవలసిన మాట ఎవరూ మాట్లాడనందువల్ల మా ఇంట్లో ఒక తల్లి తన పాల మీద తానే నమ్మకం పోగొట్టుకోబోయింది. అందుచేత దీనిని వ్రాసి ఉంచడం అవసరమని తలచాను.

నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి నిడదవోలులో స్థిరపడినవాడిని. నా భార్య కిందటేడు గతించింది. మా అబ్బాయికి సముద్రం మీది చమురు బావుల్లో ఉద్యోగం. అక్కడ ఉన్నన్నాళ్ళు ఫోను సరిగా అందదు. కోడలికి తల్లి లేదు కనుక పురుడు మా ఇంట్లోనే. ఇంత ఇంట్లో నేను, ఆ అమ్మాయి, రెండు నెలలు దాటిన మనుమడు.

కోడలు మామగారితో పాల సంగతీ మలం సంగతీ మాట్లాడే ఆచారం మా వైపు లేదు. ఆ మాటలకు అత్తగారు ఉంటుంది. ఆవిడ లేని ఇంట్లో మేము పసివాణ్ణే మధ్యవర్తిగా పెట్టుకున్నాం.

"తాతగారికి చెప్పు కన్నా, నీకు దొడ్డికి అవట్లేదని."

"ఎన్నాళ్ళయిందిరా అబ్బాయ్?" అని నేనూ వాణ్ణే అడిగాను.

"ఐదు రోజులండీ అని చెప్పు."

అంతకుముందు రోజూ నాలుగైదుసార్లు, ఆవపిండి కలిపినట్టు పసుపుపచ్చగా, పలచగా అయ్యేది. ఒక్కసారిగా ఆగిపోయింది. జీవితమంతా వేళలు చూసుకొని బ్రతికిన నాకు ఈ వేళతప్పడం సహించలేదు.

పొరుగున ఉన్న కిరాణా కొట్టువారి ఇల్లాలు వచ్చింది. "ఏంటమ్మాయ్, ఇన్ని రోజులా! తాతగారి పోలికే, ఓ పట్టాన ఏదీ బయటికి తియ్యడు" అని నవ్వి, అంతలోనే మొహం మార్చింది. "నీ పాలు చాలట్లేదే పిల్లా. ఒళ్ళు చూడు, ఎక్కడుంది? మా మనవడు ఈపాటికి బూరెలా ఉండేవాడు. డబ్బా పాలు మొదలెట్టు. ఓ ఆముదం చుక్క నాకించు."

ఆవిడ వెళ్ళాక కోడలు వంటింట్లో ఏడుస్తున్నట్టు వరండాలో ఉన్న నాకు తెలిసింది. లేచి వెళ్ళి ఏమనగలను? సాయంత్రం ఆమె పిల్లవాడితో, "తాతగార్ని డబ్బా తెమ్మను నాన్నా. మీ అమ్మ వల్ల కాలేదు" అంది.

"డాక్టరుగారిని అడిగాకే తెస్తానని మీ అమ్మకు చెప్పరా" అన్నాను.

మరునాడు రాజమండ్రి వెళ్ళాం. పిల్లల వైద్యురాలు వాణ్ణి తూచి, పొట్ట తడిమి చూసి, "చివరిసారి ఎలా అయిందమ్మా?" అని అడిగింది. కోడలు తల వంచుకుంది. నేను లేవబోయాను.

"కూర్చోండి బాబుగారూ. ఇంట్లో పెద్దవారు మీరేగా, మీరే వినాలి."

కోడలు పిల్లవాడి వైపు తిరిగి, "మెత్తగానే అయిందని చెప్పు కన్నా" అంది.

"వాడికి మాటలొచ్చేదాకా నేను ఆగలేను కదమ్మా!" అని వైద్యురాలు నవ్వింది. "తల్లిపాలు చాలావరకు ఒంటికే పట్టేస్తాయండి. ఆరు వారాలు దాటాక కొంతమంది పిల్లలు వారం దాకా కూడా వెళ్ళరు. వెళ్ళినప్పుడు మెత్తగా ఉంటే అది మలబద్ధకం కాదు. ఉచ్చ బాగా పోస్తున్నాడు, హుషారుగా ఉన్నాడు, బరువు వాడి దారిన వాడు పెరుగుతున్నాడు. పక్కింటి బూరెతో మీకేం పని? నీళ్ళూ వద్దు, ఆముదమూ వద్దు. పొట్ట ఉబ్బి గట్టిపడినా, ఆకుపచ్చ వాంతులైనా, రక్తం కనబడినా, పాలు తాగడం మానేసినా వెంటనే తీసుకురండి. పుట్టిన మొదటి నెలలోనే ఇలా ఆగితే మాత్రం తప్పకుండా చూపించాలి."

తిరుగు ప్రయాణంలో బండి గోదావరి దాటుతోంది. పిల్లవాడు నిద్రపోయాడు. కోడలు మొదటిసారి నా మొహం చూసి అడిగింది.

"మామయ్యగారూ, మరి డబ్బా కొనాలంటారా?"

"అక్కర్లేదమ్మా. నీ పాలు చాలు."

ఆమె కిటికీ వైపు తిరిగి చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ తరువాత రెండో రోజు ఉదయం, "అయిందండీ!" అని లోపలినుండి కేక వినబడింది. మెత్తగా, ధారాళంగా, పరచిన గుడ్డలన్నీ పాడుచేశాడు. ఈ కబురు ఎవరికైనా చెప్పాలనిపించి అబ్బాయికి ఫోను చేశాను, అందలేదు. ఇటువంటి సంగతి విని మురిసిపోవలసిన మనిషి ఇంట్లో లేదు. ఫోను పక్కన పెట్టేశాను. లోపల తల్లి మళ్ళీ పాలిస్తోంది.

నేను వైద్యుణ్ణి కాను. విన్నది విన్నట్టు వ్రాశాను. ఇందులో పొరపాట్లుంటే వైద్యులు, వారికంటె ముందుగా బిడ్డలను పెంచిన తల్లులు, నా వయస్సు చూసి మొహమాటపడక సరిదిద్దవలసినదిగా కోరుతున్నాను.