చెన్నకేశవులు తుడవని ఏడు పలకలు

రాష్ట్రం విడిపోయిన కొత్తలో ఏ సభకు వెళ్లినా మన చరిత్ర, మన కళలు అని ఒకటే హోరు. పాఠ్యపుస్తకాలకు బొమ్మలు గీసి బతికే నాకూ ఆ గాలి సోకింది. తెలుగులో బొమ్మల కథలు గీసినవాళ్ల మీద ఒక ప్రదర్శన పెడదామని జాబితా రాసుకున్నాను. గుంటూరులో ఒక పాత ప్రెస్సు మేస్త్రీ దాన్ని చూసి పెదవి విరిచాడు. "అందరూ కాగితం మీద గీసినవాళ్లే. మార్కాపురంలో పలకల మీద గీసిన చెన్నకేశవులు ఏడీ?" అన్నాడు. ఆ పేరే నేను వినలేదు. అతను పోయి చాలా ఏళ్లయిందని, చెల్లెలు ఓబులమ్మ పెద్దారవీడు దగ్గర ఉంటుందని, ఆమె దగ్గర ఏడు పలకలు మిగిలాయని చెప్పి ఫోను నంబరిచ్చాడు. ఫోను ఆమె కోడలు ఎత్తింది. సిగ్నలు తెగిపోతూ ఉంది, నాకూ తొందర. "మీ ఇంట్లో పాత పలకలున్నాయట కదమ్మా, ఆదివారం వచ్చి ఫోటోలు తీసుకుంటాను, కాస్త శుభ్రం చేసి ఉంచండి" అని పెట్టేశాను.

గుంటూరులో తెల్లవారుతూనే నంద్యాల వైపు వెళ్లే రైలెక్కాను. వినుకొండ దాటాక పొలాలు పలచబడి, రాళ్లు, ముళ్ల చిల్లచెట్లు, గొర్రెల మందలు మొదలయ్యాయి. పది గంటలకు మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగాను. ఊరు అక్కడికి కొంచెం దూరం, షేర్ ఆటోకు పదిహేను రూపాయలు. బస్టాండు దగ్గర మూడు ఇడ్లీ తిని, నీళ్ల సీసాలు రెండు కొనుక్కున్నాను. అక్కడి నీళ్లు అలవాటు లేనివాళ్లు తాగకపోవడం మంచిది. పెద్దారవీడు వైపు బస్సులున్నాయి గానీ ఓబులమ్మ ఉండే ఊరి లోపలికి వెళ్లవు. అందుకని రానూపోనూ నాలుగు వందలకు మస్తాన్ ఆటో మాట్లాడుకున్నాను.

మస్తాన్‌కు యాభై దాటి ఉంటాయి. చెన్నకేశవులు పేరు చెప్పగానే బండి వేగం తగ్గించాడు.

"మా అబ్బ పలకల ఫ్యాక్టరీలో చెక్క ఫ్రేములు బిగించేటోడు సార్. అంచులిరిగిన పలకలన్నీ చెన్నకేశవులు పట్టుకపోయేటోడంట. సంతరోజు గోడకు వరసగా ఆనించి, బలపంతో కథ గీసి పెట్టేటోడు. సదువు రానోళ్లు గూడా నిలబడి సూసేటోళ్లు."

"ఏం కథలు?"

"ఒకటి మా అబ్బ ఎప్పుడూ చెప్పేటోడు. మొదటి పలకలో పంతులు బిడ్డ అక్షరాలు దిద్దుకుంటా ఉంటాది. రెండో దాంట్లో ఆ పలక ఫ్యాక్టరీలో ఉంటాది. మూడో దాంట్లో గనిలో రాయి. నాలుగులో రాయి కొట్టేటోడు దగ్గుతా ఉంటాడు. ఐదులో వాని బిడ్డ మట్టిలో ఏలుతో రాసుకుంటా ఉంటాది, పలక లేక."

"మరి పోలీసులు ఊరుకునేవాళ్లా?"

"వాళ్లొస్తే తుండుగుడ్డతో తుడిచేసి, అమ్ముకోను తెచ్చినా సామీ అనేటోడు. ఉత్త పలకల మీద ఏం కేసు రాస్తారు?"

ఇదంతా ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి ఏళ్లలో, ఈ ఊళ్లు కర్నూలు జిల్లాలో ఉన్నప్పటి సంగతి. అట్లా గీసిన కథలన్నీ అతనే తుడిచేసుకున్నాడు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి గురించి మేస్త్రీ నాకు ముందే చెప్పాడు. ఒక గనిలో రాయి కూలి ఏడుగురు చనిపోయారు. ఆ రోజు గనిలో పనే జరగలేదని, ఆ మనుషులెవరో తనకు తెలియదని యజమాని అన్నాడు. వాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ లేవు. చెన్నకేశవులు ఏడు పలకల మీద ఏడుగురినీ గీశాడు. ఒకడు గనిలోకి దిగుతున్నాడు, ఒకడు గునపం వేస్తున్నాడు, ఒకడు సద్ది మూట విప్పుతున్నాడు. వరసగా చూస్తే ఒక రోజు పని, విడిగా చూస్తే ఒక్కో మనిషి ముఖం. ఏడోవాడు ఓబులమ్మ భర్త తిరుపాలు. పలకలు తీసుకెళ్లి తాలూకా ఆఫీసు గోడకు పెట్టాడు. పోలీసులు వచ్చి తుడవమన్నారు. మొదటిసారి తుడవనన్నాడు. అతన్ని కొడుతుంటే ఓబులమ్మ బొమ్మలు చెరగకుండా పలకలను గంపలో సర్దుకుని, పైన గడ్డి కప్పి ఇంటికి మోసుకుపోయింది. తర్వాత అతనికి మార్కాపురంలో ఎవరూ పని ఇవ్వలేదు. గిద్దలూరు అడితిలో కట్టెలు మోసి, పలకరాతి దుమ్ముతో పట్టిన దగ్గుతోనే పోయాడు.

పన్నెండింటికి ఇల్లు చేరాం. కోడలు లక్ష్మీదేవి నవ్వుతూ ఎదురొచ్చింది. వసారాలో ఉతికిన దుప్పటి పరిచి, గోడకు ఏడు పలకలు ఆనించి పెట్టి ఉంది. నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్క గీత లేదు.

"మీరు చెప్పినట్టే శుభ్రం చేసినా అన్నా. గోనెపట్టాలో ఎన్నేండ్ల నుంచో ఉండినాయి. పిల్లలు గీసినట్టు తెల్లగా ఏందో ఉండె. దొండాకు, బొగ్గు ఏసి బాగా రుద్దినా."

ఏం చేసిందో ఆమెకు తెలియదు, ఏం చేయించానో నాకు తెలుసు. నా మీద నాకే అసహ్యం వేసింది. అంతలో అర్ధవీడులో కూతురింటికి వెళ్లిన ఓబులమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. సంచి కింద పెట్టి, పలకల వైపు చూసి, వంగి అన్నిటికన్నా అంచు ఎక్కువ విరిగిన ఒకదాన్ని తీసుకుంది. వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

"ఇది మా ఆయన," అంది.

లక్ష్మీదేవి ముఖం పాలిపోయింది. "అత్తా, నాకు తెలవదు. ఈ అన్న శుభ్రం చేయమన్నాడు."

"అమ్మా, తప్పు నాదే," అన్నాను. "ఆయన ఎట్లా ఉండేవాడో చెప్పండి, మళ్లీ గీసిస్తాను. నేనూ బొమ్మలు గీసేవాడినే."

"నువ్వు సూసినావా నాయనా ఆయన్ని?"

లేదన్నాను.

"ఆయనకు ఫోటో లేదు. ఏడాదికొక తూరి పట్టా విప్పి సూసుకునేదాన్ని, ముట్టుకుంటే పోతాదని ముట్టుకోకుండా." చేతిలోని పలకను మళ్లీ గోడకు ఆనించింది. "పోలీసోళ్లు అట్ల కొట్టినా మా అన్న తుడవలేదు. నువ్వొస్తావని మేమే తుడిచినాం."

గొంతు పెంచలేదు. కోడలి వైపు తిరిగి, "ఎండన పడి వచ్చినారు, ఇద్దరికీ మజ్జిగ ఇయ్యి," అంది. ఆ మజ్జిగ తాగాం. కెమెరా సంచిలోంచి తీయకుండానే తిరిగొచ్చాను.

ప్రదర్శన మానుకున్నాను. యజమాని కాగితాల్లో చేర్చకుండా ఆ ఏడుగురినీ లేకుండా చేశాడు, అతన్ని తిట్టడం తేలిక. నేను అభిమానంతో వెళ్లి ఆ పనే పూర్తి చేశాను. చెన్నకేశవులు గొప్పతనం గురించి సభలో మాట్లాడాలని మూడు పేజీలు రాసుకున్నవాణ్ని, అతని చెల్లెలి కోడలికి ఫోనులో బొమ్మలు అనే ఒక్క మాట చెప్పలేకపోయాను.

మీరూ ఆ వైపు పాత వస్తువుల కోసం వెళ్తుంటే ముందుగా ఫోను చేయండి. దేన్నీ ముట్టుకోవద్దని, దుమ్ము కూడా దులపవద్దని రెండుసార్లు చెప్పండి. మీరు వెళ్తున్నది దేనికోసమో, అది ఎవరిదో కూడా చెప్పండి.